జెర్సీ నంబర్ తెలియకముందే శిక్ష రాసి పెట్టుకోవాలి

మీరు అడిగింది ఇదీ: మీ యూనివర్సిటీ ఫుట్‌బాల్ టీములో పేరున్న ఆటగాడిని ఒక రాత్రి బార్ బయట కొట్లాటలో పోలీసులు పట్టుకెళ్లారు. కోచ్ అతన్ని ఒక్క మ్యాచ్ పక్కన కూర్చోబెట్టి, ఆ తర్వాతి వారం మళ్లీ దింపాడు. అదే సెమిస్టర్‌లో మీ రూమ్మేట్ అసైన్‌మెంట్ కాపీ కొట్టిన కేసులో సస్పెండయ్యి, వీసా హోదా పోగొట్టుకుని, హైదరాబాద్ విమానం ఎక్కాడు. ఇదేం న్యాయం, అసలు కాలేజీ టీములు తమ ఆటగాళ్లను ఎలా శిక్షించాలి అని మీ ప్రశ్న.

నా సంగతి ముందే చెప్పేస్తాను, ఎందుకంటే ఈ విషయంలో నేను తటస్థుణ్ని కాదు. అమెరికా దక్షిణాదిలో ఒక స్టేట్ యూనివర్సిటీలో, విద్యార్థుల మీద వచ్చే ఫిర్యాదులు విచారించే ఆఫీసులో 16 ఏళ్లు పనిచేశాను. అంతకుముందు చదువుకునే రోజుల్లో ఫుట్‌బాల్ కుర్రాళ్లకు ఆల్జీబ్రా ట్యూటర్‌ని. వచ్చిన కొత్తలో ఆ ఆట ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. కాలితో తన్నేది తక్కువ, చంకలో పెట్టుకుని పరిగెత్తేది ఎక్కువ, దీనికి ఫుట్‌బాల్ అని పేరేమిటో అనుకునేవాణ్ని. శనివారం మధ్యాహ్నం ఊరు ఊరంతా ఒకే రంగు చొక్కాలేసుకుని స్టేడియం వైపు నడుస్తుంటే చూశాక, ఆట అర్థం కాకపోయినా దాని బరువు మాత్రం అర్థమైంది. తర్వాత అదే బరువు నా ఆఫీసు గదిలోకి కూడా వచ్చేది. బల్లకు అవతల కూర్చున్న కుర్రాడి పేరు ఊరందరికీ తెలిసినప్పుడు ఆ గదిలో గాలి వేరుగా ఉంటుంది.

నా సమాధానం చిన్నదే. ఏ తప్పుకు ఎంత శిక్షో సీజన్ మొదలుకాకముందే, ఆ తప్పు ఎవరు చేస్తారో తెలియకముందే రాసి పెట్టుకోవాలి. పెద్ద తప్పయితే ఆ శిక్ష వేసే చెయ్యి కోచ్‌ది కాకూడదు. ఇంత తేలికైన మాట ఆచరణలో ఎందుకు నిలబడదో చెప్పడానికే మిగతా రాతంతా.

చాలామంది మనవాళ్లు అనుకునేదేమిటంటే, పైన కాలేజీ ఆటలను నడిపే ఎన్‌సీఏఏ అనే సంస్థ ఉంది కదా, అదే చూసుకుంటుంది అని. చూసుకోదు. ఎన్‌సీఏఏ నియమాలు ఎక్కువగా ఎవరు ఆడటానికి అర్హులు, ఆటగాణ్ని చేర్చుకునేటప్పుడు ఏమివ్వొచ్చు, మార్కులు ఎన్ని ఉండాలి అనే వాటి చుట్టూ తిరుగుతాయి. ఆటగాడు బయట ఎవరినైనా కొడితే దానికి ఇన్ని మ్యాచ్‌లు అనే పట్టిక ఆ సంస్థ దగ్గర లేదు. 2010 డిసెంబర్‌లో ఒహాయో స్టేట్ యూనివర్సిటీ ఆటగాళ్లు ఐదుగురు తమకు బహుమతిగా వచ్చిన ఉంగరాలూ జెర్సీలూ అమ్ముకుని, డబ్బు, టాటూలు తీసుకున్నందుకు అదే ఎన్‌సీఏఏ వాళ్లను తర్వాతి సీజన్‌లో ఐదేసి మ్యాచ్‌లు ఆడకుండా ఆపింది. సొంత వస్తువు అమ్ముకున్నవాడికి ఐదు, మనిషి మీద చెయ్యి చేసుకున్నవాడికి కోచ్ దయ. ఈ వింత లెక్క ఇప్పటికీ పూర్తిగా పోలేదు.

ఇందులో ఇంకో తమాషా ఉంది. ఆ ఐదుగురి శిక్ష తర్వాతి సీజన్‌కి పోయింది కాబట్టి, వారం పది రోజుల్లో జరగాల్సిన షుగర్ బౌల్ అనే సీజన్ చివరి పెద్ద మ్యాచ్ ఆడుకోనిచ్చారు. ఆడారు, ఆర్కాన్సా మీద 31-26తో గెలిచారు. ఆ తర్వాత కోచ్‌కి ఈ సంగతి నెలల ముందే తెలుసని బయటపడి, 2011 మే నెలలో ఆయన రాజీనామా చేయాల్సి వచ్చింది, ఆ గెలుపును రికార్డుల నుంచి తీసేశారు. శిక్ష ఎంత అన్నది ఒక్కటే చూస్తే సరిపోదు, ఎప్పుడు అన్నది కూడా రాసి ఉండాలి. రాసి లేకపోతే అది పెద్ద మ్యాచ్ తర్వాతికే జరుగుతుంది.

సరే, ఎన్‌సీఏఏ చూడదు. మరి ఎవరు చూస్తారు? మూడు చోట్ల విచారణ నడుస్తుంది. పోలీసులు, కోర్టు ఒకటి. నేను పనిచేసినటువంటి యూనివర్సిటీ ఆఫీసు రెండోది. లైంగిక వేధింపులూ దాడులూ అయితే టైటిల్ నైన్ అనే 1972 నాటి చట్టం కింద వేరే పద్ధతి ఉంటుంది. మూడోది టీము. కోర్టుకు నెలలు, ఏళ్లు పడుతుంది. మాకు వారాలు పడుతుంది. కోచ్‌కి ఒక ప్రెస్ మీట్ పడుతుంది. అందుకే జనానికి కనిపించేది కోచ్ వేసే శిక్ష ఒక్కటే, మీరు కోపం తెచ్చుకున్నదీ దాని మీదే. మీ యూనివర్సిటీ ఆఫీసు ఆ ఆటగాడి మీద ఇంకా విచారణ జరుపుతూ ఉండొచ్చు. విద్యార్థి రికార్డుల గోప్యత చట్టం వల్ల ఆ సంగతి వాళ్లు మీకు చెప్పరు. మేమూ చెప్పేవాళ్లం కాదు, తిట్లు మాత్రం తినేవాళ్లం.

ఈ మూడింటిలో మూడోది మొదటి రెండింటినీ మింగేస్తే ఏమవుతుందో తెలుసుకోవాలంటే టెక్సస్‌లోని బేలర్ యూనివర్సిటీ కథ చదవాలి. 2016 మే నెలలో ఒక లా ఫర్మ్ చేసిన విచారణ ఫలితాలను యూనివర్సిటీ బోర్డు బయటపెట్టింది. ఫుట్‌బాల్ విభాగం తన ఆటగాళ్ల మీద వచ్చిన ఆరోపణలను తనే లోపల లోపల విచారించుకుందనీ, శిక్షణ లేని వాళ్లు ఫిర్యాదుదారులతో మాట్లాడి వాళ్ల మాటనే అనుమానించేలా చేశారనీ, విషయం చేరాల్సిన ఆఫీసుకు చేరలేదనీ అందులో ఉంది. కోచ్ ఆర్ట్ బ్రైల్స్‌ని తీసేశారు. ప్రెసిడెంట్ కెన్ స్టార్ పదవి పోయింది. బిల్ క్లింటన్ మీద విచారణ నడిపిన ఆ కెన్ స్టారే. అథ్లెటిక్ డైరెక్టర్ రాజీనామా చేశాడు. ఇక ఎన్‌సీఏఏ 2021లో తీర్పు ఇస్తూ, లైంగిక దాడుల ఫిర్యాదులను పైకి చేరవేయకపోవడం ఘోరమే అయినా తమ నియమాల పుస్తకంలో అది ఉల్లంఘన కిందకి రాదని తేల్చింది. కంచే చేను మేస్తే అడిగేవాడు కూడా లేడన్నమాట.

కోచ్‌లందరూ చెడ్డవాళ్లని నా ఉద్దేశం కాదు. నాకు తెలిసినవాళ్లలో చాలామంది ఆ పిల్లలకు తండ్రుల కంటే ఎక్కువ చేశారు. ఇబ్బంది ఆ కుర్చీలో ఉంది. చాలా రాష్ట్రాల్లో ప్రభుత్వ జీతగాళ్లందరిలోకీ ఎక్కువ జీతం తీసుకునేది కోచే. జార్జియా యూనివర్సిటీ కోచ్ కర్బీ స్మార్ట్‌కి 2024లో కుదిరిన ఒప్పందం ఏడాదికి సుమారు 1.3 కోట్ల డాలర్లు. రెండు సీజన్లు ఓడితే ఇంటికి పంపుతారు. సీజన్‌లో ఉండేవి 12 మ్యాచ్‌లు. అలాంటి మనిషిని కూర్చోబెట్టి, నీ బెస్ట్ ఆటగాణ్ని ఎన్ని మ్యాచ్‌లు ఆపుతావో నువ్వే చెప్పు అనడం అన్యాయం, ఆయనకి కూడా.

1999లో ఫ్లోరిడా స్టేట్ ఆటగాళ్లు ఇద్దరు, పీటర్ వారిక్, లావెరానియస్ కోల్స్, ఒక బట్టల షాపులో 412 డాలర్ల బట్టలకు 21 డాలర్ల 40 సెంట్లు కట్టి బయటికొచ్చారు. ఇద్దరూ దొరికారు. కోల్స్‌ని టీము నుంచి తీసేశారు. వారిక్ రెండు మ్యాచ్‌లు ఆగి వచ్చాడు, ఆ సీజన్ చివర షుగర్ బౌల్‌లో వర్జీనియా టెక్‌ని 46-29తో ఓడించి జాతీయ చాంపియన్ అయిన మ్యాచ్‌లో ఉత్తమ ఆటగాడయ్యాడు. కోల్స్ మీద అంతకుముందే ఒక కేసు ఉంది, కాబట్టి తేడాకి కారణం ఉంది, నిజమే. కానీ వారిక్ అప్పటికి దేశంలోనే పేరుమోసిన రిసీవర్. కారణం సరైనదే అయినా జనం నమ్మలేదు. ముందే కాగితం మీద 'రెండో తప్పుకు ఇది' అని ఉంటే ఆ అనుమానానికి చోటే ఉండేది కాదు. రాసిపెట్టిన నియమం ఆటగాడితో పాటు కోచ్ పరువును కూడా కాపాడుతుంది.

మ్యాచ్‌ల్లో కొలిచే శిక్ష మీద నాకు మొదటి నుంచీ చిరాకు. 2014 సెప్టెంబర్‌లో అదే ఫ్లోరిడా స్టేట్ క్వార్టర్‌బ్యాక్ జేమిస్ విన్‌స్టన్ క్యాంపస్‌లో బల్లెక్కి బూతు మాట గట్టిగా అరిచాడు. అతను అప్పటికే దేశంలో ఉత్తమ కాలేజీ ఆటగాడికిచ్చే హైస్మన్ ట్రోఫీ గెలిచినవాడు. మొదట క్లెమ్సన్ మ్యాచ్‌లో సగం ఆట ఆపుతామన్నారు. సగం! సగం ఆట అంటే ఏమిటి, సగం తప్పా? విమర్శలు వచ్చాక మొత్తం మ్యాచ్ అన్నారు. ఆ రోజు అతను మామూలుగానే పూర్తి సరంజామా తొడుక్కుని వార్మప్‌కి వచ్చేస్తే, కోచ్ వెనక్కి పంపి బట్టలు మార్పించాల్సి వచ్చింది. టీము ఓవర్‌టైమ్‌లో 23-17తో గెలిచింది. శిక్ష పెరగడానికి కారణం తప్పు పెరగడం కాదు, టీవీలో చర్చ పెరగడం. అదీ నా బాధ.

మ్యాచ్‌ల లెక్కలో ఇంకో మోసం కూడా ఉంది. పెద్ద టీములు సీజన్ మొదట్లో బలహీనమైన చిన్న కాలేజీలను డబ్బిచ్చి పిలిపించుకుంటాయి. వేసవిలో తప్పు చేసినవాడిని 'మొదటి మ్యాచ్ సస్పెండ్' అంటే, ఎలాగూ మూడో క్వార్టర్‌కి విశ్రాంతి ఇచ్చే మ్యాచ్ నుంచి తప్పించినట్టు. దానివల్ల టీముకీ పోయేదేమీ లేదు, ఆటగాడికీ లేదు. శిక్షని తేదీల్లో రాయాలి: ఇన్ని రోజులు, ఈ షరతులు నెరవేరేదాకా. మధ్యలో ఏ మ్యాచ్ వచ్చినా, బౌల్ వచ్చినా, మారకూడదు.

నా అనుభవం ఒకటి చెప్తాను. ఒక ఆటగాడి కేసు విచారణకి తేదీ వేశాం. అథ్లెటిక్ విభాగం నుంచి ఒకాయన ఫోన్ చేశాడు, చాలా మర్యాదగా. "మీ షెడ్యూల్‌లో మేము వేలు పెట్టం సార్, కానీ బై వీక్‌లో పెట్టుకుంటే కుర్రాడికి టెన్షన్ తగ్గుతుంది" అన్నాడు. బై వీక్ అంటే మ్యాచ్ లేని వారం. బెదిరింపు లేదు, లంచం లేదు, గట్టిగా మాట కూడా లేదు. నేను కొత్తలో అలాంటి ఫోన్లకు ఒకటి రెండుసార్లు ఒప్పుకున్నాను. ఏముంది, వారమే కదా అనిపించేది. తర్వాత ఒక రోజు ఫిర్యాదు చేసినామె అడిగింది: "నాకు మిడ్‌టర్మ్ పరీక్షలున్నాయి, వాయిదా వెయ్యండి అంటే కుదరదన్నారు. అతనికెలా కుదిరింది?" నా దగ్గర సమాధానం లేదు. ఆ రోజు నుంచి తేదీల కోసం వచ్చే ఫోన్లన్నీ ఫైల్లో రాయడం మొదలుపెట్టాను. ఫోన్లు వాటంతట అవే ఆగిపోయాయి.

ఇక ఎలా చేయాలి అంటే, తప్పులన్నీ ఒక గాటన కట్టకూడదు. ఉదయం ప్రాక్టీస్‌కి రాకపోవడం, క్లాసులు ఎగ్గొట్టడం, హాస్టల్లో గోల, ట్యూటర్‌ని విసుక్కోవడం, ఇవి కోచ్‌కి వదిలేయాలి. వాళ్లకి వాళ్ల మందులున్నాయి. తెల్లారుజామున ఐదింటికి స్టేడియం మెట్లెక్కిస్తారు, టవళ్లు ఉతికిస్తారు. నా దగ్గర లెక్కలు నేర్చుకున్న ఒక లైన్‌మన్, మూడొందల పౌండ్ల మనిషి, రెండు క్లాసులు మానేసినందుకు ఆ మెట్లెక్కి వచ్చి నా ముందు కూర్చుని పెన్సిల్ కూడా పట్టుకోలేకపోయాడు. మళ్లీ క్లాసు మానలేదు. మొక్కై వంగనిది మానై వంగునా అని మనవాళ్లన్నది ఇలాంటి వాటి గురించే.

2007లో పెన్ స్టేట్‌లో ఒక అపార్ట్‌మెంట్ కొట్లాటలో చాలామంది ఆటగాళ్లు చిక్కుకున్నాక, కోచ్ జో పటర్నో టీము మొత్తాన్ని ఆ సీజన్‌లో సొంత ఊరి మ్యాచ్‌ల తర్వాత స్టేడియం చెత్త ఊడ్పించాడు. కొట్లాటకి వెళ్లనివాళ్లూ ఊడ్చారు. వినడానికి బాగుంటుంది, ఫొటోకి ఇంకా బాగుంటుంది. కానీ అది కోచ్ చేతిలో ఉండాల్సిన కేసు కాదు. అదే పెన్ స్టేట్‌లో ఆ రోజుల్లో, ఆటగాళ్లను శిక్షించే అధికారం ఎవరిదనే విషయం మీద విద్యార్థి వ్యవహారాల వైస్ ప్రెసిడెంట్‌కీ కోచ్‌కీ గొడవ నడిచి, చివరికి వెళ్లిపోయింది ఆ వైస్ ప్రెసిడెంటే. నాలాంటి ఉద్యోగాల్లో ఉన్నవాళ్లందరికీ ఆ కథ తెలుసు. ఎవరూ పైకి అనుకోం.

గంజాయి, తాగుడు లాంటివి వేరే గాట. వీటికి నా మటుకు నేను శిక్ష కంటే వైద్యం ముందు అంటాను. లూసియానా స్టేట్ యూనివర్సిటీ (ఎల్ఎస్‌యూ) ఆటగాడు టైరన్ మాథ్యూని 2012 ఆగస్టులో డ్రగ్ టెస్టుల వల్ల టీము నుంచి తీసేశారు. అతను రీహాబ్‌కి వెళ్లాడు, 2013లో ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌కి ఎంపికయ్యాడు, 2020 ఫిబ్రవరిలో కాన్సస్ సిటీ తరఫున ఆ లీగ్ ఫైనల్ సూపర్ బౌల్ గెలిచాడు. అప్పటి నియమం ప్రకారం తీసేయడం సరైనదే. కానీ 2024 జూన్‌లో ఎన్‌సీఏఏ తన పై స్థాయి అయిన డివిజన్ వన్‌లో గంజాయిని నిషేధిత జాబితా నుంచే తీసేసింది. మీరు వేసే శిక్ష పదేళ్ల తర్వాత కూడా సరిగ్గా కనిపిస్తుందా అని ఒకసారి అడుక్కోవడం మంచిది. మనిషిని కొట్టడం మాత్రం ఏ దశాబ్దంలోనూ తప్పుల జాబితా నుంచి పోదు.

అసలు కష్టమంతా హింస దగ్గర. ఫెలొనీ, అంటే పెద్ద నేరం, కేసు పెట్టినా, టైటిల్ నైన్ కింద గట్టి ఫిర్యాదు వచ్చినా, ఆ రోజు నుంచే మ్యాచ్‌లూ ప్రయాణాలూ ఆగిపోవాలి. స్కాలర్‌షిప్, భోజనం, ట్యూటర్, డాక్టరు ఆగకూడదు. నేరం ఇంకా రుజువు కాలేదు కాబట్టి చదువు తీసేయకూడదు; ఆడటం హక్కు కాదు కాబట్టి అది ఆపొచ్చు. ఈ విభజన మీద నేను చాలా ఏళ్లు నిలబడ్డాను. ఇప్పుడు దాని కింద నేల కొంచెం కదిలింది. 2021 జులై నుంచి ఆటగాళ్లు తమ పేరు, ఫొటో మీద డబ్బు సంపాదించుకోవచ్చు, ఎన్‌ఐఎల్ అంటారు. 2023 డిసెంబర్‌లో ఇలినాయ్ యూనివర్సిటీ బాస్కెట్‌బాల్ ఆటగాడి మీద కాన్సస్‌లో అత్యాచారం కేసు పెట్టారు, యూనివర్సిటీ ఆట ఆపింది. అతను ఫెడరల్ కోర్టుకెళ్లాడు. ఆట ఆపితే ఎన్‌ఐఎల్ ఆదాయం, డ్రాఫ్ట్ (ప్రొఫెషనల్ టీముల ఎంపిక) అవకాశాలు దెబ్బతింటాయి, అందుకు తగ్గ విచారణ పద్ధతి ఉండాలి అన్న వాదనతో 2024 జనవరిలో జడ్జి అతన్ని ఆడనివ్వమన్నారు. జూన్‌లో జ్యూరీ నిర్దోషి అని తేల్చింది.

ఈ కేసు చూపించి, చూశారా తొందరపడి ఆపకూడదు అంటారు కొందరు. నాకు అర్థమైంది వేరు. ఆపొచ్చు, కానీ ఆపిన వారంలోపే అతని మాట వినే పద్ధతి ఉండాలి. ఏం ఆరోపణో కాగితం మీద ఇవ్వాలి, సమాధానం చెప్పుకోనివ్వాలి, నిర్ణయం తీసుకునేవాళ్లు ముగ్గురుండాలి, అందులో అథ్లెటిక్ విభాగం వాళ్లు ఒక్కరు కూడా ఉండకూడదు, నెలకోసారి మళ్లీ చూడాలి. ప్రభుత్వ యూనివర్సిటీ విద్యార్థిని బయటికి పంపేముందు నోటీసు, విచారణ ఉండాలని అలబామా కేసులో అప్పీలు కోర్టు చెప్పింది 1961లో. కొత్త సంగతేమీ కాదు. ఫుట్‌బాల్ దగ్గరికొచ్చేసరికే మరిచిపోతాం, కొన్నిసార్లు ఆటగాడికి అనుకూలంగా, కొన్నిసార్లు వ్యతిరేకంగా.

చెప్పే తీరు కూడా ముఖ్యం. 2016 డిసెంబర్‌లో మిన్నెసోటా యూనివర్సిటీ లైంగిక దాడి ఫిర్యాదు మీద పదిమంది ఆటగాళ్లను ఒక్కసారిగా సస్పెండ్ చేసింది. క్రిమినల్ కేసు పెట్టలేదు కదా, మరి ఎందుకు అని టీముకి అర్థం కాలేదు, ఎవరూ అర్థమయ్యేలా చెప్పలేదు. టీము మొత్తం బౌల్ మ్యాచ్ ఆడం అని కూర్చుంది. ఆ తర్వాత 80 పేజీల విచారణ నివేదిక ఒక టీవీ చానెల్ ద్వారా బయటికొచ్చింది. అది చదివాక రెండు రోజుల్లోపే బహిష్కరణ విరమించారు. టీముకి మద్దతు పలికిన కోచ్ జనవరిలో ఉద్యోగం పోగొట్టుకున్నాడు. క్రిమినల్ కేసుకు కావలసిన రుజువు వేరు, యూనివర్సిటీకి కావలసిన రుజువు వేరు అని ఆగస్టులోనే ఆ కుర్రాళ్లను కూర్చోబెట్టి ఒక గంట చెప్పి ఉంటే అంత రభస జరిగేదా? నేను ఏటా ఆ గంట చెప్పేవాణ్ని. ఫోన్లు చూసుకునేవాళ్లు సగం, నిద్రపోయేవాళ్లు పావు. అయినా చెప్పాలి.

ఇప్పుడు అన్నిటికంటే కష్టమైన ప్రశ్న: తీసేస్తే ఎక్కడికి పోతాడు? 1995లో నెబ్రాస్కా రన్నింగ్ బ్యాక్ లారెన్స్ ఫిలిప్స్ తన మాజీ గర్ల్‌ఫ్రెండ్ మీద దాడి చేశాడు. కోచ్ టామ్ ఆస్బోర్న్ పూర్తిగా తీసేయలేదు. తల్లిదండ్రుల నీడ లేకుండా గ్రూప్ హోమ్‌లో పెరిగిన కుర్రాడు, టీము అనే కట్టుబాటు కూడా లేకపోతే ఇంకా పాడైపోతాడన్నాడు ఆయన. ఆరు మ్యాచ్‌ల తర్వాత తిరిగి రానిచ్చాడు. 1996 జనవరి 2న ఫియస్టా బౌల్‌లో ఫిలిప్స్ 165 గజాలు పరిగెత్తాడు, నెబ్రాస్కా ఫ్లోరిడాని 62-24తో చిత్తు చేసింది. ఆ తర్వాత అతను ఎన్‌ఎఫ్‌ఎల్‌లో నిలవలేదు, హింస కేసుల్లో 30 ఏళ్లకు పైగా శిక్ష పడింది, 2016లో కాలిఫోర్నియా జైల్లోనే చనిపోయాడు.

ఆస్బోర్న్‌ని చాలామంది కపటి అంటారు. నేను అనను. ఆయన మాటలో నిజం ఉంది. తీసేసినవాళ్లలో చాలామంది ఏమయ్యారో నేను చూశాను. కానీ ఆయన సాయాన్నీ ఆటనీ ముడిపెట్టాడు. కుర్రాడికి కావలసింది గది, భోజనం, సైకాలజిస్టు, రోజూ హాజరు వేసుకునే మనిషి. ఇవన్నీ ఇవ్వడానికి చేతికి బంతి ఇవ్వక్కర్లేదు. ఏడాది పాటు ఆట లేకుండా ఇవన్నీ ఇచ్చి ఉంటే, అప్పుడు దాన్ని నిజంగా కుర్రాడి కోసమే చేశారని నమ్మేవాళ్లం. ఇక దాడికి గురైన ఆ అమ్మాయి? అదే యూనివర్సిటీలో ఆమె కూడా చదువుతోంది. ఆమెకి కావలసిన కట్టుబాటు గురించి ఎన్ని ప్రెస్ మీట్లు పెట్టారో నాకు గుర్తులేదు.

రెండో అవకాశం ఇవ్వకూడదని కాదు. 2016లో జెఫరీ సిమన్స్ అనే కుర్రాడు హైస్కూల్ చివర్లో ఒక గొడవలో కింద పడి ఉన్న మహిళను కొట్టిన వీడియో బయటికొచ్చింది. అయినా మిసిసిపీ స్టేట్ చేర్చుకుంది, ఒక్క మ్యాచ్ ఆపింది. ఆ ఒక్క మ్యాచ్‌లో టీము సౌత్ అలబామా చేతిలో 21-20తో ఓడింది, అది వేరే కథ. ఒక్క మ్యాచ్ చాలా తక్కువని నేను అప్పుడూ అన్నాను, ఇప్పుడూ అంటాను. కానీ తర్వాత అతని మీద ఫిర్యాదు లేదు, 2019లో ఎన్‌ఎఫ్‌ఎల్ టీము టెనెసీ టైటన్స్ మొదటి రౌండ్‌లోనే తీసుకుంది. ఓక్లహోమా కథ ఇంకోలా నడిచింది. 2014 జులైలో అక్కడి ఆటగాడు జో మిక్సన్ ఒక యువతి ముఖం మీద గుద్దితే ఎముకలు విరిగాయి. ఆ సీజన్ మొత్తం ఆపారు. తప్పు పట్టలేం అనిపించే శిక్ష. 2016 డిసెంబర్‌లో ఆ వీడియో జనం చూశాక, ఇప్పుడైతే టీము నుంచే తీసేసేవాళ్లం అన్నాడు కోచ్ బాబ్ స్టూప్స్. అధికారులు ఆ వీడియో 2014లోనే చూశారు. మారింది వీడియో కాదు, చూసిన జనం. ఏ శిక్ష వేసినా, రేపు సాక్ష్యం మొత్తం టీవీలో వచ్చినా నేను ఇదే శిక్ష వేస్తానా అని అడుక్కోమని నేను నా జూనియర్లకు చెప్పేది ఈ కేసు తర్వాతే.

ఆటగాళ్లు కాలేజీ మారడానికి ట్రాన్స్‌ఫర్ పోర్టల్ వచ్చాక మరో చిల్లు పడింది. ఒకచోట తీసేస్తే మరోచోట చేరిపోతాడు. 2015లో దక్షిణాది పెద్ద యూనివర్సిటీల లీగ్ అయిన ఎస్ఈసీ కాన్ఫరెన్స్, లైంగిక దాడి, గృహహింస లాంటి తీవ్రమైన తప్పులకు వేరే చోట శిక్ష పడినవాళ్లను తమ కాలేజీలు చేర్చుకోకూడదని నియమం తెచ్చింది. 2022-23 నుంచి ఆటగాళ్లు తమ మీద హింసకు సంబంధించిన శిక్షలేమైనా ఉంటే ఏటా కాలేజీకి చెప్పాలని ఎన్‌సీఏఏ అంటోంది. మంచిదే, కానీ చెప్పేది ఆటగాడే. విచారణ మధ్యలో ఉండగానే వెళ్లిపోయినవాడి రికార్డులో శిక్ష ఉండదు కదా. విచారణ పూర్తి కాకుండా వెళ్లాడని ట్రాన్‌స్క్రిప్ట్ మీద రాయాలి, అవతలి కోచ్ ఇవతలి విచారణ ఆఫీసుకు ఫోన్ చేసి అడిగినట్టు రికార్డు ఉండాలి. నా 16 ఏళ్లలో వేరే కాలేజీ కోచ్ నుంచి అలాంటి ఫోన్ వచ్చింది రెండేసార్లు.

డబ్బు వచ్చాక ఒక కొత్త ఆయుధం కూడా వచ్చింది. 2023 జనవరిలో జార్జియా జాతీయ చాంపియన్ అయిన సంబరాలు ముగిసిన రాత్రి, గంటకు 104 మైళ్ల వేగంతో రేసులో వెళ్తున్న కారు గుద్దుకుని ఒక ఆటగాడు, ఒక స్టాఫ్ ఉద్యోగిని చనిపోయారు. అంత జరిగాక కూడా ఆ టీములో అతివేగం కేసులు ఆగలేదు. 2024 జులైలో అక్కడి కోచ్ స్మార్ట్, ఎన్‌ఐఎల్ డబ్బుల్లోంచి ఆటగాళ్లకు జరిమానా వేస్తున్నామన్నాడు. మెట్లెక్కించినా వినని కుర్రాడు జేబు కోస్తే వినొచ్చు. 2025 నుంచి కాలేజీలే నేరుగా ఆటగాళ్లకు డబ్బు పంచొచ్చు కాబట్టి ఒప్పందంలో ఈ నిబంధనలు ముందే పెట్టొచ్చు. అతివేగం, గోల, నియమాలు మీరడం వంటి వాటికి జరిమానా సరే. హింసకి కాదు. దెబ్బకి ఇంత అని ధర కట్టినట్టవుతుంది.

కోచ్ ఒప్పందంలో కూడా ఒక లైను ఉండాలి: ఫిర్యాదు తెలిసిన 24 గంటల్లో పైకి చేరవేయకపోతే ఉద్యోగం పోతుంది, మిగిలిన జీతం రాదు. కోట్ల డాలర్ల జీతం తీసుకునే మనిషి చేత ఒక ఫోన్ కాల్ చేయించడానికి నాకు తెలిసి ఇంతకంటే దగ్గరి దారి లేదు.

మీ రూమ్మేట్ విషయం. ఆటగాడి కేసుకి లాయర్ వస్తాడు, అకడమిక్ అడ్వైజర్ వస్తాడు, ఒక్కోసారి ఊళ్లో పెద్దమనుషుల ఉత్తరాలు వస్తాయి. మన పిల్లలు ఒక్కరే వస్తారు, ఇంట్లో చెప్పకుండా వస్తారు, తప్పు ఒప్పుకుంటే వదిలేస్తారనుకుని మొదటి ఐదు నిమిషాల్లోనే అన్నీ ఒప్పుకుంటారు. ఎన్నోసార్లు చూశాను, బల్లకి ఇవతల కూర్చుని తెలుగులో ఒక మాట చెప్పాలనిపించేది, చెప్పకూడదు. అతనికి వచ్చిన నిర్ణయం లెటర్ చివరి పేరాలో అప్పీలు గడువు ఉంటుంది, మామూలుగా కొద్ది రోజులే. అది దాటిపోయి ఉంటే, సస్పెన్షన్ అంటే శాశ్వత బహిష్కరణ కాదు. గడువు తీరాక తిరిగి చేర్చుకోమని అడగొచ్చు, ఒప్పుకుంటే కొత్త ఐ-20 (స్టూడెంట్ వీసా కోసం కాలేజీ ఇచ్చే పత్రం) ఇస్తారు, దానితో మళ్లీ వీసాకి వెళ్లాలి. ఇంటర్వ్యూలో అడిగితే దాచొద్దని చెప్పండి. ఆ లెటర్ కాపీ పంపించమనండి, పేరూ నంబర్లూ కొట్టేసి. చదివి చెప్తాను.